బూడిదరంగు చీర కింద

చీరల కట్ట విప్పితే పైనున్నవన్నీ చిలకపచ్చవే. ఎర్ర అంచు, అంచు మీద సన్నటి జరీ గీత. మహిళా దినోత్సవం ఫంక్షన్‌కి సెక్షన్‌లోని ఆడవాళ్లందరూ ఒకే రంగు కట్టుకోవడం బిలాస్‌పూర్‌లోని ఆ రైల్వే ఆఫీసులో ఎప్పటినుంచో ఉన్న ఆనవాయితీ. ఒక్కొక్కరూ తమ చీర భుజం మీద వేసుకుని మురిసిపోతుంటే కనకం కూడా చెయ్యి చాచింది. ఏర్పాట్లన్నీ చూసే జ్యోతిర్మయి ఆ చేతిలో పచ్చచీర పెట్టలేదు. కట్ట అడుగు నుంచి వేరే కవరు తీసి ఇచ్చింది. అదే నేత, అదే అంచు. రంగు మాత్రం బూడిద.

"మీకోసం షాపంతా వెతికించాం వదినా. అచ్చం మా డిజైనే. రంగే కాస్త డీసెంట్‌గా..."

"బాగుంది," అంది కనకం.

ఫోటోలో ఆమెను చివర నిలబెట్టారు. మధ్యలో ఉంటే రంగు కలవదట. ఆ ఫోటోకి ఫ్రేము కట్టించి గోడకి తగిలించారు. మరుసటేడు మరో రంగు, మరో ఫ్రేము. ఏళ్లు గడిచేకొద్దీ గోడ మీద గులాబీలూ నీలాలూ పసుపులూ వరుస కట్టాయి. ప్రతి వరుస చివరా ఒకటే బూడిద. కొత్తగా బదిలీ మీద వచ్చినవాళ్లు ఆ గోడ చూసి, "ఈవిడ వేరే సెక్షనా?" అని అడిగేవారు.

అది అన్యాయమని అక్కడ ఎవరికీ తోచలేదు. కోపంతో చేసింది కాదు, వెక్కిరించాలని చేసిందీ కాదు. ఆదరంగానే చేశారు. ఆదరంగా చేశారు కాబట్టే కనకానికి నోరెత్తే సందు దొరకలేదు.

కనకం మామగారు శ్రీకాకుళం వైపు నుంచి ఈ ఊరొచ్చి రైలింజన్ల షెడ్‌లో చేరారు. ఆయన తరవాత కొడుకు, కనకం భర్త సూర్యం కూడా షెడ్‌కే వెళ్లాడు. కామెర్లు ముదిరి సూర్యం పోయాక, కారుణ్య నియామకం కింద కనకానికి ఆఫీసులో ఫైళ్లు మోసే ఉద్యోగం ఇచ్చారు. చేరిన మొదటి వారం ఆమె తన దగ్గరున్న చీరల్లోంచే ఒకటి కట్టుకెళ్లింది. పసుపు మీద తెల్ల పువ్వుల వాయిల్ చీర. మధ్యాహ్నం చేతులు కడుక్కుంటుంటే లంచ్ రూమ్ లోంచి మాట వినబడింది.

"ఉద్యోగం రాగానే కళ కూడా వచ్చేసింది, చూశావా?"

ఎవరన్నారో ఆమె తిరిగి చూడలేదు. అది ఎవరి గొంతయినా కావచ్చునని మాత్రం అర్థమైంది. మర్నాటి నుంచి బూడిద, గోధుమ, వెలిసిన తెలుపు.

విచిత్రమేమిటంటే ఇంట్లో ఆమెకి ఏ ఆంక్షా లేదు. కొడుకుని పోగొట్టుకున్న అత్త చిన్నమ్మే కేకలేసింది.

"ఓలమ్మీ, ఏటే ఆ చీర? గిన్నెలు తోమే మసిగుడ్డలాగున్నాది. నా కొడుకు పోనాడు గాని నీ కళ్లు పోనాయేటి? ఆ పసుపు చీరే కట్టుకో."

"ఆఫీసులో బాగోదు అత్తా."

"ఆఫీసోళ్లకేటి? ఆళ్లేటి మన చుట్టాలా?"

చదువుకోని ఆ ముసలమ్మకి వచ్చిన ప్రశ్న, మహిళా దినోత్సవం నాడు మైకు పట్టుకుని గంటసేపు ప్రసంగించేవాళ్లలో ఒక్కరికీ రాలేదు.

చిన్నమ్మ కూడా పోయింది. ఆ తరవాత కనకం చీరల గురించి అడిగేవాళ్లే లేకపోయారు. ఒక రంగుకి అలవాటుపడితే మనిషి నడక మారిపోతుంది. కనకం గోడవారగా నడవడం నేర్చుకుంది. గట్టిగా నవ్వడం మానేసింది. అద్దంలో బొట్టు కోసం చూసుకునేది కాదు, జుట్టు చెదిరిందేమోనని చూసుకునేది, అంతే. అయితే ఒక్క చోట మాత్రం ఆమె లొంగలేదు. ఆ సంగతి సగమైనా తెలిసింది తెలిపారా బజార్లో మ్యాచింగ్ సెంటర్ నడిపే ముసలాయనకొక్కడికే.

చీర కింద కట్టుకునే లంగాలు కనకం తనకి నచ్చిన రంగులో కొనేది. మిరపపండు ఎరుపు, నెమలికంఠం నీలం, కనకాంబరం. చీర ముక్క తెచ్చి రంగు కలిపి చూసుకోవడం అక్కడి పద్ధతి. ఈమె ఉత్త చేతుల్తో వచ్చి నేరుగా రంగు పేరు చెప్పేది.

"చీర తేలేదా బహెన్‌జీ? షేడ్ తేడా వస్తే నన్ననకూడదు," అనేవాడాయన హిందీలో.

"ఇంట్లో ఉంది. నాకు గుర్తే," అని అబద్ధమాడేది.

మనసు బాగున్న రోజు ఎరుపు కట్టేది. ఏదో ఒకటి సాధించాలనిపించిన రోజు నీలం. ఒంట్లో ఓపిక లేని రోజు నలుపు. ఈమధ్య నలుపే ఎక్కువైంది. మెట్లెక్కేటప్పుడు అంచు కనబడకుండా చీర బాగా కిందికి కట్టేది. అందుకని కుచ్చిళ్లు ఎప్పుడూ కాళ్లకి అడ్డం పడేవి. "వదిన నడక భలే నిదానం," అని జ్యోతిర్మయి మెచ్చుకునేది.

మొన్న ఫిబ్రవరిలో భానుప్రియ అనే అమ్మాయి ఉద్యోగంలో చేరింది. పాతికేళ్లు దాటి ఉంటాయేమో. ఆమె భర్తా రైల్వేనే. గుండె ఆగి నిద్రలోనే పోయాడు. పెళ్లికి ముందు ఊళ్లోనే మోప్కా వైపు బొటిక్ పెట్టాలనుకున్న పిల్ల. ఇప్పుడు వెలిసిన కుర్తీ, రంగులేని చున్నీతో ఆఫీసుకొచ్చి, కుర్చీ అంచున కూర్చుంటోంది. ఆ కూర్చోవడం అచ్చం కనకం కూర్చున్నట్టే ఉంది.

ఫంక్షన్ దగ్గరపడింది. ఈసారి రంగు కనకాంబరం. జ్యోతిర్మయి కనకాన్ని పక్కకి పిలిచి రెండు కవర్లు చేతిలో పెట్టింది. రెండూ బూడిదవే.

"కొత్తమ్మాయికి మేమిస్తే బాధపడుతుంది వదినా. మీరయితే అర్థమయ్యేలా చెప్తారు. పైగా ఈసారి మీరు ఒంటరి కాదు, ఇద్దరూ జోడీ."

కనకం అలవాటుగా కవర్లు తీసుకుంది. రెండోది మొదటిదానికన్నా బరువుగా అనిపించింది.

ఆదివారం భానుప్రియని క్వార్టర్‌కి పిలిచింది. టీ పెట్టి తెచ్చేసరికి ఆ పిల్ల గదిలో లేదు. పెరట్లో బట్టల తీగ దగ్గర నిలబడి ఉంది. తీగ మీద ఒకవైపు చీరలు, అన్నీ దుమ్ము రంగువి. మరోవైపు లంగాలు ఎర్రగా, నీలంగా, ఎండకి మెరుస్తూ.

"పిన్నీ, ఇవి ఎవరివి?"

"నావే."

"మరి వీటి మీద చీరలేవి?"

కనకం టీ గ్లాసు అరుగు మీద పెట్టింది. ఇన్నేళ్లలో ఆ ప్రశ్న అడిగిన మనిషి ఈ పిల్లే.

"లేవమ్మీ."

భానుప్రియకి ముందు నవ్వొచ్చింది. తరవాత ఆ నవ్వు ఆగిపోయింది. తెరిచిన తలుపులోంచి, గదిలో గట్టు మీద రెండు బూడిద చీరల కవర్లు కనబడుతూనే ఉన్నాయి. అందులో ఒకటి తనదని ఆమెకి తెలిసిపోయింది.

"అచ్ఛా... అందుకా పిలిచారు? సచ్ చెప్పండి పిన్నీ, నేను కూడా ఇలా దాచుకుని కట్టుకోవాలా? ఎప్పటిదాకా? రిటైరయ్యేదాకా?"

"అలవాటైపోతాది" అనే మాట కనకం నాలుక దాకా వచ్చింది. ఆ ఒక్కమాట అంటే పని పూర్తయిపోతుంది. కవరిచ్చి పంపించేయొచ్చు. ఈ ఏడు నుంచి గోడ మీద రెండు బూడిదలుంటాయి. తను రిటైరయ్యాక కూడా ఒకటి మిగులుతుంది.

"టీ చల్లారిపోతంది, తాగు," అంది. కవరు ఇవ్వలేదు.

సోమవారం పొద్దున్నే రెండు కవర్లూ జ్యోతిర్మయి బల్ల మీద పెట్టింది.

"ఇవి మార్పించండి. అందరిలాంటివే కావాలి."

"అదేంటి వదినా! మీరు ఏమైనా అనుకుంటారనే కదా మేము..."

"నన్నెప్పుడైనా అడిగినారా?"

"ఇన్నాళ్లూ మీరేం అనలేదు మరి!" జ్యోతిర్మయి ముఖం చిన్నబోయింది. "ఇష్టమే అనుకున్నాం. మాకేం తెలుస్తుంది?"

ఆ మాటలో నిజం లేకపోలేదు. కనకానికి వాదించే ఓపిక లేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. ఫైళ్లు మోసే ఆమె ఆ బల్ల ముందు కూర్చోవడం అదే మొదలు.

"నేను అలిసిపోయినాను జ్యోతిర్మయి గారూ. పోట్లాడ్డానికి రాలేదు. ఆ పిల్లకి ఈ చీర నా చేత్తో ఇవ్వలేను. అంతే."

జ్యోతిర్మయి కాసేపు గోడ మీది ఫ్రేముల కేసి చూసింది. తరవాత షాపుకి ఫోన్ చేసింది. ఆ రంగులో ఒక్క చీరే మిగిలిందట.

"భానుప్రియకి ఇవ్వండి," అంది కనకం, లేస్తూ.

ఫంక్షన్ రోజు పొద్దున ఆమె పెట్టె అడుగు నుంచి పాత పసుపు వాయిల్ తీసింది. కట్టుకుని అద్దం ముందు నిలబడింది. మడతల దగ్గర బట్ట పిగిలింది. అది కాదు అసలు బాధ. అద్దంలో మనిషి ఎవరో పరాయి మనిషిలా ఉంది. ఇన్నేళ్లూ పెట్టెలో ఉన్నది చీరొక్కటే కాదని ఆ క్షణంలో తెలిసింది. విప్పేసి, బూడిదదే కట్టుకుంది. కింద కనకాంబరం లంగా. ఈసారి మాత్రం చీరని కిందికి లాగలేదు. కాళ్లకి అడ్డంపడే కుచ్చిళ్లతో నడిచి నడిచి విసుగెత్తిపోయింది.

ఫోటోకి ఆమె అలవాటుగా చివరికి వెళ్లింది. భానుప్రియ వరుస మధ్యలోంచి వచ్చి ఆమె పక్కన నిలబడింది. ఆ ఫోటో ఇప్పుడు గోడ మీదుంది. జాగ్రత్తగా చూస్తే చివర్న బూడిదచీర అంచు కింద వేలెడు మేర అందరి రంగూ కనిపిస్తుంది. అది చూసి కనకం సంతోషించిందని రాస్తే అబద్ధమవుతుంది. ఆ రోజు ఆమెకి కాళ్లు లాగాయి. బేగి ఇంటికెళ్లి పడుకుంది.

వచ్చే మార్చికి మీ ఆఫీసులోనూ, బడిలోనూ, బ్యాంకులోనూ అందరికీ కలిపి చీరలు తీస్తారు. వాటి మధ్య భర్త పోయిన మనిషి ఒకరైనా ఉంటారు. ఆమెకోసం విడిగా వెతకకండి. షాపుకి వెళ్లేముందే ఆమె దగ్గరికి వెళ్లి, మిగతావాళ్లని అడిగినట్టే, "ఏ రంగు తీసుకుందాం?" అని అడగండి. ఆమె బూడిదే కావాలంటే బూడిదే ఇవ్వండి, అది ఆమె ఇష్టం. ఫోటోలో ఎక్కడ నిలబడాలో కూడా ఆమెనే తేల్చుకోనివ్వండి. మీ గోడల మీద ఇప్పటికే ఫ్రేములుంటే, రేపు ఆఫీసుకెళ్లాక ఒక్కసారి వాటి చివర్లు చూడండి. అక్కడ నిలబడ్డ మనిషి ఇంకా మీ పక్క బల్ల దగ్గరే ఉంటే, మార్చి దాకా ఆగకండి.