ఫుకట్ ఆదివారాలు

మొన్న ఆబిడ్స్‌లో చెప్పులు కొని బయటపడబోతుంటే, కౌంటర్ దగ్గరి అమ్మాయి లక్కీ డ్రా కూపన్ చేతికిచ్చి పేరూ, ఫోన్ నంబరూ రాయమంది. రాశాను. రాసి ఊరుకోకుండా అంకెలన్నీ ఒక్కొక్కటిగా చదివి వినిపించాను. "కనబడుతున్నయి ఆంటీ" అని ఆ పిల్ల నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఇలాంటి కాగితాల మీద తప్పుడు నంబరు రాయడంలో ఒకప్పుడు నన్ను మించినవాళ్లు ఆ బజార్లోనే లేరు.

అప్పట్లో మా అన్న, వదిన, నేను నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఒకే గదిలో ఉండేవాళ్లం. అన్న అఫ్జల్‌గంజ్‌లో ఒక హోల్‌సేల్ దుకాణంలో గుమాస్తా. కిరాయి, బియ్యం, నా కాలేజీ ఫీజు పోగా సినిమాకు ఏమీ మిగిలేది కాదు. దానికి దిగులుపడే రకం కాదు మా అన్న. "పైసలు లేకుంటే ఏంది, పట్నం ఉన్నది గద!" అని ఆదివారం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మమ్మల్ని బయల్దేరదీసేవాడు. మొదటి మజిలీ ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాల దగ్గర. తలా ఒక పుస్తకం పట్టుకుని నిలబడే చదివేవాళ్లం. అమ్మేవాడు గొణగడం మొదలుపెట్టగానే పేజీ గుర్తుపెట్టుకుని పక్క కుప్పకు జరిగేవాళ్లం. వదిన ఒక డిటెక్టివ్ నవలను అలా అయిదు వారాలు చదివింది. తీరా హంతకుడు దొరికే ముందు అది అమ్ముడుపోయింది. కొన్నవాడెవడో గానీ ఆమె పెట్టిన శాపనార్థాలకు వాడికి నెల రోజులు పొలమారి ఉంటుంది. ఎండ ముదిరితే ఏసీ ఉన్న బట్టల షోరూంలో దూరి, కొనని చీరలకు వంకలు పెట్టేవాళ్లం. పొద్దు వాలాక పబ్లిక్ గార్డెన్‌లో పల్లీలు.

ఆ షోరూంలలోనే ఈ కూపన్లు ఉండేవి. ఒకసారి అన్న అసలు నంబరు ఇస్తే ఎవరో ఇన్సూరెన్స్ ఆయన నెలంతా వెంటపడ్డాడు. అప్పటినుంచి తప్పుడు పేరూ నంబరూ రాయడమే మాకొక ఆటైంది. పేరు అన్న చెప్పాలి, రాత నాది. ఒక వారం కాంట్రాక్టరు, ఒక వారం రిటైర్డ్ కలెక్టరు. నంబరులో చివరి అంకె నేను మార్చేదాన్ని. రోడ్డు దాటేదాకా నవ్వు ఆపుకోవడం మహా కష్టంగా ఉండేది.

ఆ ఏడు చలికాలం పోయినా అన్నకు దగ్గు పోలేదు. వదిన మిరియాల కషాయం కాచిపోసేది. అలాంటి రోజుల్లో ఒక ఆదివారం పబ్లిక్ గార్డెన్‌లో ఉచిత వైద్య శిబిరం కనబడింది. షామియానా పక్కనే ఎక్స్‌రే తీసే వ్యాను. ఉచితమన్న మాట కనబడితే మా కాళ్లు ఎక్కడ ఆగుతాయి! "ఫుకట్ ఫోటో, గదీ లోపలిది!" అని అన్న లైన్లో అందరికంటే ముందు నిలబడ్డాడు. ఫారం నా చేతికొచ్చింది.

"గీడన్న అసలు పేరు రాయి పిల్లా. డాక్టర్లు గద" అంది వదిన.

"తియ్యి వదినా, రేపు వీళ్లు గూడ ఫోన్ జేసి ఏదో ఒకటి అమ్ముతరు" అన్నాను.

అన్న ఆ రోజు బంజారాహిల్స్ కాపురస్తుడైన రాజా చంద్రమౌళి బహదూర్ అయ్యాడు. అలవాటు కొద్దీ చివరి అంకె మార్చేశాను. ఏమన్నా ఉంటే రెండు దినాలల్ల ఫోన్ చేస్తామంది అక్కడి అమ్మాయి. వారమైనా ఫోన్ రాలేదు. "రాలేదంటే ఏం లేనట్టే" అని అన్న తేల్చేశాడు, మేమూ సరే అనుకున్నాం. ఏ నంబరుకు రావాలో ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

తర్వాతి ఆదివారాలు మామూలుగానే సాగాయి. కాకపోతే అన్న ఆబిడ్స్ దాకా నడవడానికి రెండుచోట్ల కూర్చునేవాడు. ఒకనాడు పుస్తకాల దగ్గర దగ్గుతూ చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నాడు. దాన్ని వెంటనే మడిచి జేబులో కుక్కాడు. ఎరుపు నాకు కనబడనే కనబడింది. "పాన్ తిన్న" అన్నాడు. మా అన్నకు పాన్ అలవాటు లేదు. అది తెలిసి కూడా నేను ఇంట్లో చెప్పలేదు. అందుకు నన్ను నేను ఈ రోజుకీ క్షమించుకోలేదు.

శిబిరమైన నాలుగు నెలలకు అన్నను దవాఖానకు తీసుకెళ్తే, డాక్టరు ఇంతకుముందు ఎక్కడైనా ఎక్స్‌రే తీయించారా అని అడిగాడు. వదిన నా వైపు తిరిగింది. ఇద్దరం వెతుక్కుంటూ హిమాయత్‌నగర్‌లో ఆ శిబిరం నడిపినవాళ్ల గదికి వెళ్లాం. రాజా చంద్రమౌళి బహదూర్ అని నేనే నోరు తెరిచి చెప్పాల్సి వచ్చింది. అక్కడి అమ్మాయి బీరువాలోంచి ఒక కవరు తీసింది. దాని మీద "వెంటనే రావాలి" అని ఉంది. ఆ కింద తొమ్మిదిసార్లు, వేరువేరు తారీఖులతో, "రాంగ్ నంబర్".

"ఆ నంబరాయన తిట్టిండు అక్కా. అయినా చేసిన. ఒక అంకె అటిటు అయిందేమో అనుకున్న" అంది ఆ పిల్ల.

వదిన కవరు అందుకుని కొంగులో చుట్టుకుంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. అన్నకు నేనే చెప్పాను. "పేరు జెప్పింది నేనే గద చెల్లె" అన్నాడు. వానలు వెనకబట్టకముందే పోయాడు.

ఆ నాలుగు నెలల్లో మేము ఒక్క ఆదివారం కూడా వదులుకోలేదు. లెక్క చూస్తే మేము అన్నిటికంటే ఎక్కువగా నవ్వుకున్నదీ అప్పుడే. చేతిలో పైసా లేని మాకు కాలం ఒక్కటే ఫుకట్‌గా దొరుకుతోందనుకుని, దాన్ని చేతికి ఎముక లేనట్టు ఖర్చుపెట్టాం.