తేయాకు కొండ మీద నెత్తిమూట

మా వైపు వీపున బరువు మోసేవాళ్లు లేరు. బీడీలు చుట్టే తునికాకు మూటైనా, పొయ్యిలోకి కట్టెలైనా, ఆయిల్‌పామ్ తోటలో కూలికి పోయేటప్పుడు సద్దిగిన్నె అయినా నెత్తి మీదికే ఎక్కుతుంది. అశ్వారావుపేట దాటాక అడవి మొదలయ్యే చోట పుట్టి, అక్కడే ముసలిదాన్నయ్యాను. అందుకే మనవరాలు నా భుజాలకు పట్టీల సంచి తగిలించి, రొమ్ము మీద ఇంకో పట్టీ బిగించినప్పుడు ఎవరో వెనక నుంచి పట్టుకుని గుంజుతున్నట్టు అనిపించింది.

ఆ పిల్ల నా కూతురి కూతురు. హైదరాబాద్‌లో ఉద్యోగం. సెలవు దొరికితే సంచి తగిలించుకుని కొండలెక్కడం దాని పిచ్చి. ఈసారి మున్నార్ తేయాకు కొండలకు పోతానంటే నేనూ వస్తానన్నాను. ఇంట్లో అందరూ నవ్వారు. అది నవ్వలేదు, నాకూ ఒక టికెట్టు తీసింది.

అక్కడ మాకు దారి చూపడానికి వచ్చినవాడు నెరిసిన మీసాల మనిషి. బయలుదేరక ముందే తెగేసి చెప్పాడు. ఎవరి సంచి వాళ్లే మోయాలి. గట్టు ఎక్కి అవతలి ఊళ్లోకి దిగాలి. మధ్యలో బండి బాట ఒక్క చోటే తగులుతుంది, నడవలేనివాళ్లు అక్కడ జీపెక్కి వెనక్కి పోవాలి. నేను ఆగిపోతే మనవరాలూ ఆగిపోవాల్సిందే, నన్నొక్కదాన్నే పంపే రకం కాదది. ఆ నడక కోసం అది ఎంతగా ఎదురు చూసిందో నాకు తెలుసు. దాని ఆశ కూడా నా మోకాళ్ల మీదే పడింది.

మంచులో ఎక్కాం. మనవరాలు నాలుగడుగులకోసారి వెనక్కి తిరిగి నన్ను చూస్తూనే ఉంది. మా ఎండలకు కాగిన ఒళ్లు ఆ చలికి బిగుసుకుపోయింది. బండి బాట దగ్గరికి అందరికంటే చివర చేరాను. జీపు అక్కడ ఆగి ఉంది.

"అమ్మమ్మా, ఇగ చాలు. జీపెక్కుదాం. నాకేం బాధ లేదు" అంది మనవరాలు.

"బాధ లేనిదానివి మొఖం గట్ల ఎందుకు పెట్టినవే?"

"నీ సంచి ఇటియ్యి మరి, నేను మోస్త."

"ఏందీ, నాకు చేతులు పడిపోయినయా?"

"చేతులు కాదు, మోకాళ్లు!"

"మోకాళ్లను ఏమనకు. ఈ సంచి నన్ను ఎన్కకు గుంజుతాంది. ఎన్కకు గుంజేదాన్ని ఏసుకొని ముందుకెట్ల నడుస్తనే?"

భుజాల నుంచి సంచి తీసేశాను. తువ్వాలు మెలిపెట్టి, చుట్ట చుట్టి నెత్తిన పెట్టుకుని, దాని మీదికి సంచి ఎత్తుకున్నాను. నడుము దానంతటదే నిలబడింది. మీసాల మనిషి ఇంగ్లీషులో ఏదో అన్నాడు.

"కొమ్మలు తగుల్తయంట, పడ్తవంట" అంది మనవరాలు.

"పడితే నేనే పడ్త. ఆయన్నేమన్న పట్టుకొని పడ్తనా?"

జీపు వైపు చూడకుండా నడిచాను. కానీ ఆయన చెప్పింది నిజమే. కొంత దూరం పోయాక ఒక వంగిన కొమ్మ తగిలి సంచి దొర్లి దొర్లి కింద తేయాకు చెట్లలో పడింది. మా అడవిలో అయితే కొమ్మ వచ్చినప్పుడు మెడ వంచం, మోకాళ్లు వంచి కిందుగా దాటతాం. చలికి ఆ సంగతే మరిచాను.

అక్కడ ఆకు కోస్తున్న ఆడవాళ్లు నవ్వారు. ఒకామె నా సంచిని నెత్తిన పెట్టుకుని పైకి తెచ్చింది. ఆమె నెత్తిన కూడా గుడ్డ చుట్టే! ఆమెది అరవం, నాది తెలుగు. ఆమె నా చుట్టను చూపింది, నేను ఆమె చుట్టను చూపాను. ఇక మాటలతో పనేముంది?

ఆకు కోయడం నాకు కొత్తా అనుకుని, ఆమె నా సంచి దింపకముందే చెట్టు మీద చెయ్యేశాను. తునికాకు కోసిన చెయ్యి కదా, వెడల్పాటి ముదురాకులు చకచకా తెంపి గర్వంగా చాచాను. ఆడవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వారు. నా గుప్పిట్లోంచి అన్నీ తీసి పారేసి, కొమ్మ చివర మొగ్గనూ దాని కిందున్న రెండు లేతాకులనూ చూపించారు. మా ఊళ్లో తునికాకు కొనే కల్లంలో లేతాకు తెస్తే పక్కకు విసిరేస్తారు. ఇక్కడ ముదురాకు విసిరేశారు.

"అమ్మమ్మా, నీ పరువు పోయింది" అంది మనవరాలు.

"పోనీ తియ్యి. మూట పోలేదు గద."

సంచి తెచ్చినామె వేలాడే పట్టీలన్నీ లోపలికి మడిచి, సంచికి అడ్డంగా కట్టి ఉండి పక్కకు పొడుచుకొచ్చిన పడక చాపను నిలువుగా కట్టి, తనే నా నెత్తికెత్తింది. వెన్ను మీద ఒక్కటి చరిచి పొమ్మంది.

గట్టు మీద గాలి ఈడ్చి కొట్టింది. ఒక చేత్తో సంచి పట్టుకుని, కొమ్మ వచ్చిన ప్రతిసారీ మోకాళ్లు వంచి దాటాను. మోకాళ్లు నొప్పి పుట్టాయి, నిజమే. నొప్పి పుడితే పుట్టింది. పైన నిలబడితే కిందంతా పచ్చగా, దువ్వి జడ వేసినట్టుంది. మీసాల మనిషి నా దగ్గరికొచ్చి నెత్తి మీది సంచిని అటూ ఇటూ ఊపి చూసి, సరేనన్నట్టు తల ఊపి ముందుకు పోయాడు. ఇంత వయసొచ్చాక కొత్త కొండ ఒకటి నా కాళ్లతో నేనే ఎక్కాను. ఎవరి ముందైనా గట్టిగానే చెప్తాను.

అవతలి ఊరివైపు దిగేటప్పుడు మనవరాలు ముందు పడింది. చేతులూపుకుంటూ, ఏదో పాట కూనిరాగం తీస్తూ దిగిపోతోంది. నేను వస్తున్నానో లేదో అని ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.