వేలు పెట్టి చూపించాలి

ఆదివారం పొద్దున్నే పళ్ల డాక్టరు గారి నర్సు చేసే మొదటి పని లోపలి గది తలుపు మూయడం. ఆ కుర్చీ, పక్కన సన్నటి పనిముట్లు కంటబడితే వచ్చినవాళ్లలో సగం మందికి నోరు పెగలదు. ఆ పూట బయటి గదిలో జరిగేది పుస్తకాల మీద మాట. ఆరేళ్ల కిందట డాక్టరు గారే తాళంచెవి ఆమె చేతికిచ్చి జరుపుకోమన్నారు.

అక్కడ బాగుంది, బాగాలేదు అని తేల్చేస్తే ఒప్పుకోరు. పుస్తకం తెరిచి, ఎక్కడ మనసు నిలిచిందో, ఎక్కడ విసుగు పుట్టిందో వేలు పెట్టి చూపించి ఎందుకో చెప్పాలి. ఇది డాక్టరు గారి దగ్గర అబ్బిన విద్యే. దవడంతా లాగేస్తోందని గోలపెట్టే మనిషితో ఆయన రోజూ అనే మాట: "ఏ పన్నో వేలు పెట్టి చూపించు, తర్వాత ఏడుద్దువుగాని."

చిక్కల్లా డాక్టరు గారు నవల రాయడంతో వచ్చింది.

"ఈసారి మీ వేళ్ల గోల వద్దమ్మాయ్," అన్నారాయన శనివారం, చేతులు కడుక్కుంటూ. "లెక్చరరు గారొస్తున్నారు. కాలం, సమాజం, రచయిత నేపథ్యం, అన్నీ ఆయన మాట్లాడతారు. మీరు వినండి, చాలు."

"వింటాం సార్. ఆ తర్వాత మా వంతు."

"గది నాది."

"పుస్తకం మాకిచ్చేశారు కదా సార్. చదివేశాం."

లెక్చరరు గంటసేపు మాట్లాడాడు. తీసిపారేయదగ్గ మనిషేం కాదు. నవలలో పనివాళ్లెవరికీ పేర్లెందుకు లేవో ఆయన విడమరిచి చెబుతుంటే నర్సుకే కొత్తగా తోచింది. చప్పట్లయ్యాక డాక్టరు గారు లేవబోయారు. ఆమె తలుపు దగ్గర నిలబడింది.

"కూర్చోండి సార్. అత్తయ్యా, మీరు మొదలుపెట్టండి."

ప్రతి ఆదివారం కోడలితోపాటు వచ్చే నర్సు అత్తగారు కళ్లద్దాలు సర్దుకుని పుస్తకం తెరిచింది. "ఇదిగో నాయనా, ఇక్కడ. పెళ్లాం పోయిన మనిషి కిటికీ దగ్గర నిలబడి నాలుగు పేజీలు ఉపన్యాసం దంచాడు. అప్పటిదాకా వాడితోపాటు ఏడుస్తున్నదాన్ని, లేచి వెళ్లి ఎసరు పెట్టుకున్నా."

ఎవరో కిసుక్కుమన్నారు. టైలరు వేలూ అక్కడే ఆగింది. మందుల షాపావిడ మాత్రం అంతకు ముందున్న పేజీకి తిప్పింది. పోయిన భార్య చెప్పుల్ని అతను కాలితో మంచం కిందికి తోసిన చోటది. "ఇక్కడ పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను సార్," అంది.

డాక్టరు గారి చెవికి ఆ మాట ఎక్కలేదు. అందరూ వెళ్లేదాకా ఆగి, నర్సు వైపు తిరిగారు.

"నా గదిలోనే నా పరువు తీశావు. నవల గొప్పగా ఉందని వచ్చే వారం అందరి ముందూ చెప్పు. లేదంటే తాళంచెవి ఇచ్చెయ్. ఉద్యోగం సంగతి వేరు, రేపు మామూలుగానే రా."

"చెప్పుల దగ్గర గొప్పగానే ఉంది సార్. ఆ పేజీ మేరకైతే ఎంతమంది ముందైనా చెబుతా."

ఆయన చెయ్యి చాచారు. ఆమె తాళంచెవిని నవల మీద పెట్టి, చెప్పులేసుకుని బయటికి నడిచింది.

తరువాతి ఆదివారం ఎప్పుడూ వచ్చే పదిమందీ మూసిన క్లినిక్ ముందు మెట్ల మీద కూర్చున్నారు. లెక్చరరు పై మెట్టెక్కబోతే అత్తగారు కిందికి పిలిచి పక్కన చోటిచ్చింది. ఆయనతో కలిపి మొత్తం పదకొండు మంది.