శాతం గుర్తు

ఏడేళ్లుగా ఒక మాట మింగలేక కక్కలేక బతుకుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

శ్రీకాకుళంలో ఒక చిన్న ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసేవాణ్ణి. రోగుల వివరాలన్నీ ఒక లైనక్స్ సర్వర్‌లో, నేను పెట్టిన డేటాబేస్‌లో ఉండేవి. వాటిని ఎక్కించేది ప్రమీలక్క. నాకంటే పదేళ్లు పెద్దది. మధ్యాహ్నం తన క్యారేజీలో కూర నాకు పెట్టి గానీ తినేది కాదు. ఆ ఊళ్లో నాతో కూర్చుని తిన్న మనిషి ఆమె ఒక్కతే.

ఆదివారాలు కూడా ఏదో రిపోర్టు కావాలని పిలిచేవారు. నరసన్నపేటలో నా గది నుంచి బస్సెక్కి రావాలి. విసుగు పుట్టింది. అప్పటిదాకా డేటాబేస్ ఆ సర్వర్ లోపలి నుంచి అడిగితేనే పలికేది. సెట్టింగుల ఫైలులో ఒక వరుస మార్చి, బయటి నుంచి అడిగినా పలికేలా చేశాను. ఏ చిరునామా నుంచి వచ్చేవాళ్లను రానివ్వాలో కూడా రాయాలి. నా గదిలో నెట్ చిరునామా రోజుకొకటి మారేది. అందుకని అక్కడ శాతం గుర్తు పెట్టాను. అంటే, ఎక్కడి నుంచైనా రావచ్చు. పాస్‌వర్డు ఆసుపత్రి పేరు, పక్కన ఒకటి రెండు మూడు. తర్వాత సరిచేద్దాంలే అనుకున్నాను. చేయలేదు.

ఒక సోమవారం ఉదయం చూస్తే డేటాబేస్‌లో రోగుల పట్టికలన్నీ ఖాళీ. ఎవడో బయటి నుంచి వచ్చి అంతా తుడిచేసి, డబ్బు పంపితేనే తిరిగిస్తానని ఒక బెదిరింపు ముక్క వదిలిపోయాడు. నేను మొదట చేసిన పని దాన్ని చెరిపేయడం. తర్వాత మేనేజరుతో, వైరస్ అయ్యుంటుందన్నాను. ఆయన చూపు ప్రమీలక్క కంప్యూటర్‌కి తగిలించి ఉన్న పెన్‌డ్రైవ్ మీద పడింది. అందులో ఉన్నవి చర్చిలో వాళ్లు పాడుకునే పాటలు. ఆ పెన్‌డ్రైవ్‌కీ దీనికీ సంబంధం లేదని అక్కడ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నోరు విప్పలేదు. భయమా? భయమే అని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. కానీ భయం ఎన్నాళ్లుంటుంది? ఒక వారం, పోనీ ఒక నెల. మిగతా ఏళ్లన్నీ ఏమిటి మరి?

ఆమెను పనిలోంచి తీసేశారు. వెళ్లేముందు నా దగ్గరికి వచ్చింది.

“తమ్ముడూ, నా పాటలే నీ కష్టాన్ని మింగీసినాయి. నన్నేటీ అనుకోకు.”

“పోనీలే అక్కా. తెలిసి సేసినావేటి,” అన్నాను.

నా తప్పుకు నేను ఆమెను క్షమించాను. ఆమె కళ్లు తుడుచుకుని నా తల నిమిరింది. ఆ చెయ్యి పక్కకు తీసేయాలని కూడా నాకు తోచలేదు. అంత హాయిగా ఉంది.

ఇప్పుడామె పలాసలో జీడిపిక్కలు ఒలిచే పనికి వెళుతోందని విన్నాను. చర్చిలో పాడడం మానేసిందట. రెండుసార్లు పలాస బస్సెక్కాను. రెండుసార్లూ టెక్కలిలో దిగి వెనక్కి వచ్చేశాను. మధ్యాహ్నం ఇప్పటికీ ఒక్కణ్ణే తింటాను. ఎవరైనా కూర పెట్టబోతే వద్దంటాను.

ఇది మీకు చెప్పినంత మాత్రాన ఆమెకు ఒరిగేదేమీ లేదు. ఊపిరాడుతున్నది నాకు. అదీ సిగ్గుగానే ఉంది. అయినా రాస్తున్నాను. అక్కా, ఆ సర్వర్‌ను బార్లా తెరిచి పెట్టింది నేను. నీ పాటలు ఏ పాపమూ చేయలేదు.