అవ్వ సరిచూసిన గీత

దెయ్యాల మాటెత్తితే నవ్వి లేచి వెళ్లిపోయే రకం నేను. ఇప్పటికీ అంతే. అందుకే ఈ సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

ఎనభైల్లో బెంగళూరులో గెలాక్సీల గుంపుల మీద పరిశోధన చేసేవాణ్ణి. గెలాక్సీల మధ్య ఉండే వేడి వాయువు ఎక్స్‌రేల్లో వెలుగుతుంది. విదేశీ ఉపగ్రహం పట్టిన ఆ వెలుగు మాకు అంకెల రూపంలో, పొడవాటి కాగితపు పట్టీల మీద వచ్చేది. శనివారం బస్సులో వాటిని హోసూరు తెచ్చుకుని, మా పాత్రల అంగడి వెనక ఇంట్లో మైదా జిగురుతో పక్కపక్కన అతికించి, సమానమైన అంకెల్ని పెన్సిల్‌తో కలిపేవాణ్ణి.

మా అవ్వ, అంటే నాన్నమ్మ, పట్టీలు పట్టుకునేది. చదువు రాదు. "చుక్కలకి ఎక్స్‌రే తీస్తావా? వాటికి యాడ ఎముక విరిగిందప్పా?" అని ఆటపట్టించేది.

నాలుగేళ్ల పని ఒకే ప్రశ్న దగ్గర ఆగింది. నేను పటం వేస్తున్న గుంపు ఒకటా, ఢీకొంటున్న రెండా? గీతలు ఒకే గుండ్రంగా మూసుకుంటే ఒకటి, లోపల రెండు గుండ్రాలైతే రెండు. రెండైతేనే నా థీసిస్‌కి విలువ. గీతలు రెండు గుండ్రాలుగా తిరగబోయి మధ్యలో తెగిపోయేవి. విసిగిపోయి, వాటిని వంచి ఒకే గుండ్రంగా మూసేశాను.

"ఈడ గీత కలవలేదప్పా," అంది అవ్వ, ఒకచోట వేలు పెట్టి. జీవితమంతా ముగ్గులు వేసిన కన్ను ఆమెది. "నీకేం తెలుసు, ఊరుకో" అని కసిరాను. ఆ వారమే అవ్వ పోయింది. అలా అన్నందుకు నాకింకా సిగ్గుగానే ఉంది.

ఆమె పోయిన మూడో రోజు పొద్దున గడప ముందు ముగ్గు ఉంది. మైల తీరేదాకా మా ఇళ్లలో ముగ్గు వేయరు.

"చావింట్లో ముగ్గేసిందెవురమ్మా?" అంటూ అమ్మ నీళ్లు తెచ్చి పోసింది. రాయకోట నుంచి వచ్చిన చుట్టాల్నీ, వీధిలోవాళ్లనీ అడిగాను. ఎవరూ వేయలేదు. ముగ్గు డబ్బా అటక మీదే, మూత బిగించి ఉంది.

నీళ్లు పడేలోపే నేను చూశాను. రెండు గుండ్రాలు, రెంటినీ చుట్టి ఒకే గీత. ఒకచోట ఆ గీత మెట్టు దిగినట్టు ఒక చుక్కల వరస కిందికి దిగింది.

లోపలికి పరిగెత్తి పటం పరిచాను. అవ్వ వేలు పెట్టింది ఒక అతుకు మీద. అంచున ఉన్న వరస నంబర్లు చూస్తే, అక్కడ పట్టీ ఒక వరస పైకి అతుక్కుని ఉంది. తప్పు నాదే. తడిపి ఊడదీసి, కిందికి దించి అతికించాను. గీతలన్నీ చెరిపి మొదటి నుంచి వేశాను. మైల రోజులన్నీ అదే పని. చుట్టాలు తిట్టినా లేవలేదు.

రెండు గుంపులే. మా గైడు మూడుసార్లు లెక్క వేయించారు. రెండే.

థీసిస్ మొదటి పేజీలో "గీతలు సరిచూసింది మా అవ్వ" అని రాశాను. ఆమెకి ఖగోళశాస్త్రం తెలుసా అని పరీక్షకుడు నవ్వుతూ అడిగారు. తెలియదన్నాను. ఎప్పుడు సరిచూసిందని ఆయన అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేవాణ్ణో నాకిప్పటికీ తెలియదు.