పేతురు గారి చెవుడు

పేతురు గారికి చెవుడు. ఇందులో వింతేమీ లేదు, సికింద్రాబాదులో చెవిటివాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. వింతల్లా ఏమిటంటే, ఆయన చెవుడుకు ఒక పద్ధతి ఉండేది. ఫిర్యాదు చేసేవాడి మాట ఆయనకు ఒక్క ముక్క వినబడేది కాదు. అదే మాటను, ఆ ఫిర్యాదు ఎవరి మీదో వాళ్లే వచ్చి ఆయన చెవిలో అరిస్తే మాత్రం శుభ్రంగా వినబడేది.

ఆయన ముప్పై ఏళ్లు కోర్టులో దుబాసీగా పనిచేశారు. ఉర్దూను తెలుగులోకి, తెలుగును ఇంగ్లీషులోకి మార్చి మార్చి చెవులు అరిగిపోయాయని ఆయనే చెప్పేవారు. పింఛను పుచ్చుకున్నాక రెజిమెంటల్ బజారులో తన ఇంటి అరుగు మీద గొడుగు ఆనించుకుని కూర్చునేవారు. అదే అరుగు మీద రెండో చివర నేను టైపు మిషను పెట్టుకుని అర్జీలు కొట్టేవాణ్ణి. కాబట్టి ఆయన చెవుడు గురించి నాకన్నా ఎక్కువ తెలిసినవాడు ఊళ్లో లేడు. కనీసం నేను అలా అనుకునేవాణ్ణి.

ఆదివారం ఆరాధనలో సభంతా పాట మూడో చరణంలో ఉంటే ఆయన రెండో చరణంలో ఉండేవారు, అదీ నిండు గొంతుతో. అందరూ ‘ఆమెన్’ అనేశాక కూడా ఆయనొక్కరే తన రెండో చరణం పూర్తిచేసి, ఏదో ఘనకార్యం చేసినట్టు చుట్టూ చూసి కూర్చునేవారు. పాదిరిగారు అంతదాకా వాక్యం తెరిచి పట్టుకుని నిలబడేవారు. పాపం, అలవాటైపోయింది.

మోండా మార్కెట్లో ఇమాంబీ అనే ముసలామె దగ్గర వంకాయలు కొనేవారు. “లేతయి సాబ్” అనేది ఇమాంబీ. “పుచ్చులా?” అనేవారు ఈయన. “పుచ్చులు గావు సాబ్, లేతయి” అని ఆమె అరిచేది. “అన్నీ పుచ్చులేనా?” అని ఈయన ఇంకా గట్టిగా అరిచేవారు. బజారంతా ఇటు తిరిగి చూసేది. ఇమాంబీ కంగారుగా గంప కుమ్మరించి, ఉన్న నాలుగు పుచ్చులూ ఏరి అవతల పారేసి, “అల్లా మీ చెవులు బాగుచెయ్యాలె” అని మనసారా దీవించేది.

అసలు పద్ధతి నాకు తెలిసింది మాత్రం ఆలిస్, మార్తల తగాదాలో. ఇద్దరూ తోడికోడళ్లు, పక్కపక్క వాకిళ్లు. మార్త బట్టలుతికిన నీళ్లు తన వాకిట్లోకి వస్తున్నాయని ఆలిస్ గంటసేపు చెప్పింది. పేతురు గారు గంటసేపు తల ఊపి, “ఒక్క ముక్క వినబడలేదమ్మా. నీ గొంతు నా చెవికి పడదు. మార్త గొంతు బావుంటుంది, ఆమెను చెప్పమను” అన్నారు.

మార్త ఆయన చెవి దగ్గరికొచ్చి అరిచింది. “నా సబ్బునీళ్లు దాని వాకిట్లోకి పోతున్నాయంటండీ.”

“ఎవరి నీళ్లు?”

“నావండీ.”

“ఎక్కడికి?”

“ఆలిస్ వాకిట్లోకి.”

“పోతున్నాయంటనా, పోతున్నాయా?”

మార్త కాసేపు గోడవంక చూసింది. “పోతున్నాయండీ” అంది. మర్నాటికి అక్కడ చిన్న కాలువ తవ్వించింది. అంతటితో తీరింది మూడేళ్ల తగాదా.

అలాంటి మనిషిని యాప్రాల్ గుట్టకు తీసుకుపోయారు.

పోలీసు చర్య జరిగి అప్పటికి ఏడాదిన్నర. జాగీర్లు రద్దయ్యాయి గానీ ఏ పొలం ఎవరిదో ఇంకా తేలలేదు. యాప్రాల్లో ఒక గుట్టా, దాని చుట్టూ ఇరవై ఎకరాలూ తమవని ఒక గని కంపెనీ పాత సర్కారు ముద్ర ఉన్న కాగితం చూపించింది. ఆ ఇరవై ఎకరాలూ మూడు తరాలుగా దున్నుతున్న రైతుల దగ్గర కాగితమే లేదు. ఉన్నవల్లా జొన్నలు. కంపెనీ మందు పెట్టి గుట్టను పేల్చినప్పుడు ఒక రాయి ఎగిరొచ్చి పెంటయ్య అనే రైతు ఎద్దును చంపింది. తెల్లారేసరికి రైతులంతా కలిసి, మందు కూరడానికి కంపెనీ తొలిచిన రంధ్రాలన్నీ పేడతో పూడ్చేశారు. కంపెనీ సాయుధ పోలీసులను పంపమని అర్జీ పెట్టింది. ఆ రోజుల్లో జీపు చప్పుడు వింటేనే ఊళ్లు ఖాళీ అయ్యేవి. తహసీల్దారు శనివారం దాకా గడువిచ్చాడు. ఈలోగా రాజీ కాగితం రావాలి, లేదా గుట్ట కింద పోలీసు క్యాంపు పడుతుంది.

పేతురు గారి పేరు ఎవరు చెప్పారో తెలియదు. గురువారం పొద్దున కంపెనీ మేనేజరు ఖాజావలి స్వయంగా వచ్చి ఆయన్నీ, రాజీ కాగితం రాయడానికి నన్నూ తీసుకెళ్లాడు. ఆయనది గుంటూరు వైపు, మనిషి సన్నగా, ఎప్పుడూ చెమట తుడుచుకుంటూ ఉంటాడు.

గుట్ట నీడలో ఒక పక్క నలభై మంది రైతులు, కర్రలతో. ఇంకో పక్క కంపెనీ కావలివాళ్లు, తుపాకులతో. పేతురు గారు మధ్యలో స్టూలు వేయించుకుని కూర్చున్నారు. నేను కాగితాలు పట్టుకుని స్టూలు వెనక్కి జరిగాను. ఆయన మాత్రం గొడుగు మడిచి, జొన్న కంకుల వంక చూసి, “బాగా పండింది” అన్నారు.

పెంటయ్య ముందుకొచ్చాడు. “సాబ్, మా ఎద్దు సచ్చింది.”

“ముద్దిచ్చిందా? ఎవరికి?”

రైతుల్లో ఎవడో కిసుక్కుమని, మళ్లీ నోరు మూసుకున్నాడు. పెంటయ్య నరాలు తేలేలా అరిచాడు. లాభం లేదు. పేతురు గారు తల అడ్డంగా ఊపి ఖాజావలిని పిలిచారు. “ఈయన గొంతు నా చెవికి పడట్లేదు నాయనా. మీరు చెప్పండి.”

ఖాజావలి చెవి దగ్గర వంగాడు. “వీళ్ల ఎద్దు చచ్చిందటండీ.”

“చచ్చిందటనా, చచ్చిందా?”

“చచ్చిందండీ.”

“ఎట్లా?”

“రాయి తగిలి.”

“ఎవరి రాయి?”

ఖాజావలి చెమట తుడుచుకున్నాడు. “మాదేనండీ” అన్నాడు.

రైతులు కదలకుండా నిలబడ్డారు. ఎద్దు చచ్చిన నాటి నుంచి వాళ్లు వినాలనుకున్న మాట అది.

పెంటయ్య మళ్లీ అందుకున్నాడు, ఈసారి కొంచెం మెల్లగా. “ఎద్దొక్కటే గాదు సాబ్. దాని జోడెద్దు మూడు దినాల సంది గడ్డి ముడ్తలేదు. పొద్దుందాక తొవ్వ దిక్కే సూస్తున్నది.”

ఇదీ ఖాజావలే చెప్పాలి కదా. “దాని జోడెద్దు మూడు రోజులుగా గడ్డి ముట్టట్లేదటండీ” అని అరవడం మొదలుపెట్టాడు. “పొద్దస్తమానం దారివంకే...” అనేటప్పటికి గొంతు తగ్గిపోయింది.

“గట్టిగా చెప్పండి నాయనా” అన్నారు పేతురు గారు.

ఆ తర్వాత ఖాజావలి వంతు. ఇప్పుడు చెవి దగ్గరికి పెంటయ్య రావాలి. ఖాజావలి చెబుతున్నకొద్దీ పెంటయ్య అరుస్తున్నాడు.

“రాయి పంపకుంటే గీయన నౌకరీ పోతదంట సాబ్.”

“ఎవరిది?”

“ఖాజావలి సాబ్‌ది.” అప్పటిదాకా పెంటయ్య ఆయన్ని ‘కంపెనోడు’ అనే అన్నాడు. “పోలీసు చర్య అయినంక తనలాంటోనికి ఇంకో నౌకరీ ఎవలిస్తరని అంటున్నడు. నలుగురు పిల్లలంట. పోలీసులను మమ్ముల కొట్టనీకి పిలుస్తలేడంట, కూలోళ్లు భయపడి ఉరుకుతున్నరని పిలుస్తున్నడంట.”

“ఇంకా?”

“రాయి తీసినా రోడ్డెక్కనీకి తొవ్వ లేదంట.” పెంటయ్య ఆగిపోయాడు. చెవి వదిలేసి ఖాజావలి వైపు తిరిగాడు. “తొవ్వ అంటే మా చేన్ల నుంచే గదా?”

“అదే కదా నేను నెల నుంచి చెబుతున్నది.”

“నువ్వు చెప్పలే. కాగితం సూపిచ్చినవ్.”

ఇక ఇద్దరూ పేతురు గారిని మరిచిపోయారు. అక్కడే కూర్చుని కర్రతో నేలమీద గీతలు గీసుకోవడం మొదలుపెట్టారు. కావలివాళ్లు తుపాకులు పక్కనపెట్టి చుట్టూ చేరారు. పేతురు గారు మళ్లీ జొన్న కంకులు చూస్తూ కూర్చున్నారు.

నేను కాగితాలు సర్దుకుంటున్నాను. నా పక్కన బాలమ్మ అనే ముసలి రైతు కూర్చుని ఉంది. గుట్ట తూర్పు మూల మెట్టచెలక ఆమెది, భర్తను పాతిపెట్టింది కూడా అక్కడే. అంతమంది మగవాళ్ల మధ్య ఆమె ఏమీ అడగలేదు. తనలో తానే అనుకుంటోంది, పెదవి కూడా సరిగ్గా కదలకుండా. “ఆయన నెత్తిమీద మందు పేలుస్తరేమో. బతికున్నప్పుడు సుత తలనొప్పే ఆయనకు.” పక్కనున్న నాకే సగం వినబడింది.

సాయంత్రానికి షరతులు కుదిరాయి. ఇద్దరూ చెరో చెవిలో అరిచారు, పేతురు గారు చెప్పారు, నేను రాశాను. సర్కారు తేల్చేదాకా సాగు రైతులదే. రాయి కంపెనీది. మందు పేల్చేది పశువులను అవతలికి తోలాక, ఎర్రజెండా ఎత్తాకే. కంపెనీకి చేన్లగుండా దారి, రైతుల బండ్లకు రాయి తోలే పని. పెంటయ్యకు ఎద్దుకు ఎద్దు.

“ఇంకొక్కటి రాయి, జకర్యా” అన్నారు పేతురు గారు. “గుట్ట తూర్పు మూల నుంచి నూరు అడుగుల దాకా మందు పేల్చరాదు. అక్కడ తలనొప్పి ఉన్న మనిషి ఉన్నాడు.”

నా కలం ఆగిపోయింది. బాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పేతురు గారు ఆమెకు పదిహేను అడుగుల దూరంలో, అటు తిరిగి కూర్చుని ఉన్నారు.

రైతులు మమ్మల్ని ఎడ్లబండిలో పంపించారు. బొల్లారం రోడ్డెక్కాక నేను బండి చప్పుడులోనే, మామూలు గొంతుతో, ముఖం అటు తిప్పుకుని అడిగాను. “బాలమ్మ మాట మీకెట్లా వినబడిందండీ?”

ఆయన గొడుగు ఒళ్లోకి తీసుకున్నారు. “నీకూ వినబడిందా? మంచిదే” అన్నారు. తర్వాత నెమ్మదిగా చెప్పారు. “ముప్పై ఏళ్లు ఒకడి బాధ తర్జుమా చేసి జడ్జిగారి చెవిన వేశాను. అవతలివాడు పక్కనే నిలబడేవాడు, వినేవాడు కాదు. ఏం జవాబు చెప్పాలా అని చూసుకునేవాడు. తీర్పయ్యాక జడ్జిగారు ఇంటికి పోతారు. పక్కపక్కన బతకాల్సింది వీళ్లిద్దరే కదా. వినాల్సినవాడి చెవి మూసుకుపోయినప్పుడు, నా చెవి తెరిచి ఉండి ఏం లాభం?”

 ఎనిమిదేళ్లు ఆ చెవిలో అరిచాను. కోపం రావాలి. దానికి బదులు, ఎప్పుడూ చూసే కొండ ఎంత ఎత్తో ఆ రోజే తెలిసినట్టయింది.

“మరి చర్చిలో పాటో?”

“అక్కడ మానేస్తే ఇక్కడ నమ్మరు. పైగా మూడో చరణం నాకు రాదు.”

“ఇంట్లో రోసమ్మ గారికి తెలుసా?”

“నలభై ఏళ్ల కాపురం నాయనా. వీధిలోకి వినబడేట్టు కేకలేస్తుంది, వంటింట్లో నెమ్మదిగా మాట్లాడుతుంది.”

శనివారం తహసీల్దారు కాగితం చదివి చివరి షరతు దగ్గర ఆగాడు. “ఈ తలనొప్పి మనిషి ఎవరు?”

“బాలమ్మ భర్త సార్” అన్నాడు ఖాజావలి.

“ఆస్పత్రికి తీసుకుపోండి.”

“పోయి తొమ్మిదేండ్లయింది దొరా” అన్నాడు పెంటయ్య.

తహసీల్దారు వాళ్లిద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఇద్దరి ముఖాల్లోనూ నవ్వు లేదు. ముద్ర వేసేశాడు. వేసి, పేతురు గారిని చూపిస్తూ నన్నడిగాడు. “పెద్దాయనకు నిజంగానే వినబడదా?”

“ఒక్క ముక్క వినబడదు సార్” అన్నాను. ఇంగ్లీషులోనూ ఉర్దూలోనూ కూడా అన్నాను.

పోలీసు క్యాంపు పడలేదు. పెంటయ్య జోడెద్దు కొత్త ఎద్దును పదకొండు రోజులు కుమ్మి, పన్నెండో రోజు దాని పక్కన గడ్డి మేసింది. మూడేళ్ల తర్వాత ఆ కంపెనీ గుట్ట వదిలేసి వెళ్లిపోయింది. తూర్పు మూల మాత్రం చెక్కుచెదరలేదు.

వెళ్లిపోయేముందు ఖాజావలి, పెంటయ్య కలిసి అరుగు మీదికి వచ్చారు. ఒకరు కుడి చెవి, ఒకరు ఎడమ చెవి పట్టుకుని ఒకేసారి అందుకున్నారు.

“పెంటయ్య బిడ్డ పెళ్లండీ, మీరు తప్పకుండా రావాలి” అని ఖాజావలి.

“ఖాజావలి సాబ్‌కు బెజవాడల మంచి నౌకరీ దొరికింది సాబ్” అని పెంటయ్య.

ఎవరి కబురు వాళ్లు చెప్పుకోవచ్చన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు. పేతురు గారు రెండు చెవులూ అప్పగించి, కళ్లు మూసుకుని వింటున్నారు. ఆయనతోపాటు రెజిమెంటల్ బజారంతా వింటోంది.