అత్తను మైలవరిచిన స్వరూప

మరిపెడ అంగట్ల గాజులమ్మే స్వరూప నోటికి హద్దూ పద్దూ లేదు. పిండం లేకుంట నీటిబుడగలే పెరిగిన ముత్యాల గర్భమని దవాఖానల కడుపు కడిగిచ్చుకొచ్చినంక గూడ, పలుకరిచ్చినోళ్ల చేతికి గాజులెక్కిస్తనే "నా కడుపుల పిల్ల గాదక్కా, సగ్గుబియ్యం పొంగింది" అని నవ్విచ్చేది. ఆ బుడగలు మళ్ల పెరుగుతున్నయేమోనని జేసే రక్తపరీక్షకు పోయే పొద్దు మాత్రం ఆ నోరు పెగిలేది గాదు. కడుపు తేరుకుంటే ముట్టు అదే వస్తదన్నది డాక్టరమ్మ. ఓ పొద్దుగాల ముట్టు వచ్చింది. ముట్టయిన కోడలిని ఎన్నడూ అరుగు మీదికెంచి ఇంట్లకు రానియ్యని అత్త పోచమ్మ, ఆ మాట వినంగనే "నా బిడ్డా, బాగైనవే!" అని ఉరికొచ్చి అలుముకున్నది. అలుముకున్నంక యాదికొచ్చి నాలిక్కరుచుకున్నది.

"ఇగ నువ్వు గూడ మైలవడితివత్తా," అని స్వరూప అరుగు మీద జర జరిగింది. "కూసో. ఇయ్యాల వంట నీ కొడుకు జేస్తడు."